స్టేషన్ అక్కర్లేదు, రైలు కూత చాలు

ప్రశ్న: మేం విజయవాడలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాం. జనవరి నెలాఖరులో కాలేజీ ఫెస్ట్ ఉంది. దానికోసం ఏడుగురం కలిసి షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాం. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్న మనవరాలు, వన్‌టౌన్ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయే అమ్మమ్మ, ఇదీ కథ. స్క్రిప్ట్ 22 పేజీలు వచ్చింది. ప్రకాశం బ్యారేజీ మీద పాట, భవానీ ఐలాండ్‌లో ఫ్లాష్‌బ్యాక్, రైల్వే స్టేషన్‌లో క్లైమాక్స్, మధ్యలో డ్రోన్ షాట్లు అనుకున్నాం. చేతిలో 15,000 రూపాయలు, ఐదు వారాలు ఉన్నాయి. క్లాసులు పోను షూటింగ్‌కి కుదిరేది ఇంకా రెండు రోజులే. పోయిన ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కష్టపడితే రెండు షాట్లు వచ్చాయి. వాటిలో మాటలు సరిగా వినపడటం లేదు. డైరెక్షన్ విషయంలో ఇద్దరు గొడవపడి మాట్లాడుకోవడం మానేశారు. మంచి కెమెరా అద్దెకు తెస్తే అన్నీ సర్దుకుంటాయని మిగతావాళ్లు అంటున్నారు. ఏ కెమెరా తీసుకోమంటారు? ఇంకో మాట. అందరికీ ఫోన్లు చేయడం, భోజనాలు చూడటం, ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మగారిని నటించడానికి ఒప్పించడం, వాళ్లింట్లోనే షూటింగ్‌కి అడగడం అన్నీ నేనే చేశాను. పోస్టర్‌లో నా పేరు చివర్లో ‘సహకారం’ కింద వేశారు. అసలు టీమ్‌లో ఉండాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: కెమెరా అద్దెకు తేవద్దమ్మా. మీ ఏడుగురిలో ఎవరి ఫోన్ బాగుంటే దాంతోనే తీయండి. విద్యార్థుల షార్ట్ ఫిల్ములకు సౌండ్ చూసిపెడుతూ చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. బొమ్మ బాగాలేక ఆగిపోయిన సినిమాలు నేను పెద్దగా చూడలేదు. మాట వినపడక పోయినవి, రోజులు చాలక సగంలో ఆగినవి, స్నేహాలు చెడి మూలనపడ్డవి చాలా చూశాను. మీ ఉత్తరంలో ఈ మూడూ కనిపిస్తున్నాయి. మూడింటికీ కారణం ఒకటే అనిపిస్తోంది: మీ చేతిలో లేనివాటిని నమ్ముకుని సినిమా అల్లుకున్నారు. బ్యారేజీ మీ చేతిలో లేదు, స్టేషన్ లేదు, గాలి లేదు, వెలుగు లేదు. చేతిలో ఉన్నది ఒక పాత ఇల్లు, నటిస్తానన్న ఒక పెద్దావిడ, ఏడుగురు మనుషులు. నన్నడిగితే అది చాలా పెద్ద ఆస్తి.

ముందు లెక్క చూడండి. స్క్రిప్ట్‌లో ఒక పేజీ అంటే తెర మీద దాదాపు ఒక నిమిషం. అంటే మీది 22 నిమిషాల సినిమా. కొత్త టీమ్ ఒక షాట్ పెట్టుకుని, వెలుగు చూసుకుని, రెండు మూడు టేకులు తీసి, తర్వాతి షాట్‌కి కదలాలంటే ఎంత చురుగ్గా ఉన్నా ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటలు తీస్తే 19 షాట్లు, రెండు రోజులకు 38. అన్ని షాట్లతో 22 నిమిషాలు నింపాలంటే ఒక్కో షాట్ అరనిమిషం పైన నిలబడాలి. అనుభవం ఉన్న నటులకే అది కష్టం. అదే ఆరు నిమిషాల సినిమా అయితే షాట్‌కి తొమ్మిది పది సెకన్లు పడతాయి. అది మీరు తీయగలరు, బాగా తీయగలరు. కాబట్టి ఆరు పేజీలు.

22 పేజీల కథను ఆరు పేజీల్లోకి కుక్కమని కాదు నేను చెప్పేది. అలా చేస్తే ప్రతి సీనూ పరుగెడుతుంది, ఏదీ మనసుకు పట్టదు. మీ కథలో ఒక్క పూట ఎంచుకోండి, మిగతాది వదిలేయండి. అమ్మమ్మ, మనవరాలు అంటున్నారు కాబట్టి ఇలా ఊహించుకుంటున్నాను. మధ్యాహ్నం రైలు. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. వంటింట్లో అమ్మమ్మ గోంగూర జాడీకి వాసెన కడుతోంది. గుడ్డ మూతి మీద పరిచింది, నాలుగు వైపులా సరిచేసింది, తాడు రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. మనవరాలు గుమ్మంలో నిలబడి “అక్కడ అన్నీ దొరుకుతాయి అమ్మమ్మా, ఎందుకిదంతా మోయడం” అంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. వేసిన ముడి విప్పి, ఇంకాస్త బిగించి మళ్లీ కట్టింది. అంతే. ‘నువ్వు వెళ్లిపోతే నేనొక్కదాన్నే ఉండాలి’ అనే డైలాగ్ మీ స్క్రిప్ట్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ వేళ్లు ముడి మళ్లీ వేస్తుంటే దగ్గరగా చూపించగలిగితే ఆ డైలాగ్ కొట్టేయొచ్చు.

అది మీ స్క్రిప్ట్‌లో రాత్రి సీన్ అయితే పగటికి మార్చండి. రాత్రికి లైట్లు కావాలి, లైట్లకు డబ్బు కావాలి, పైగా ఆడపిల్లలు పదకొండు గంటలకు ఇళ్లకు చేరాలి. పగలైతే కిటికీ చాలు. అమ్మమ్మగారిని కిటికీ పక్కగా కూర్చోబెట్టి, వెలుగు పడని చెంప వైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ముఖం మీద నీడ మెత్తబడుతుంది. ట్యూబులైటు ఆపేయండి. దాని రంగు వేరు, కిటికీ వెలుగు రంగు వేరు, రెండూ కలిస్తే ముఖం పాలిపోయినట్టు వస్తుంది. ఎక్కడైనా లైటు వేయక తప్పకపోతే ఫోన్‌లో షట్టర్ స్పీడు సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి కుదరని షట్టర్ పెడితే తెర మీద చారలు, మినుకులు కనిపిస్తాయి. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు పడే బొమ్మల లెక్క, 25 పెట్టుకుని సినిమా అంతా అదే ఉంచండి. ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయండి, లేదంటే మనిషి కదిలినప్పుడల్లా గోడ రంగు మారుతుంది. ఈ రోజుల్లో మన దగ్గర ఆరుకు పావుగంట ముందే పొద్దు గూట్లో పడుతుంది. కిటికీ వెలుగు నాలుగున్నరకే పలచబడుతుంది. ఎనిమిదింటికి మొదటి షాట్ పడాలి.

ఇప్పుడు బ్యారేజీ, స్టేషన్ సంగతి. 1957లో కట్టిన దగ్గర్నుంచి బ్యారేజీ ఊరికి ముఖం లాంటిది, అక్కడ తీయాలని ప్రతి టీమ్‌కీ ఉంటుంది. కానీ అక్కడ ట్రాఫిక్ ఆపకుండా పాట తీయలేరు, ట్రాఫిక్ ఆపమని మీరు అడగలేరు. రైల్వే ప్రాంగణంలో సినిమా షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. దొంగచాటుగా ఫోన్‌తో తీస్తే మధ్యలో ఆపేస్తారు. డ్రోన్‌కైతే 2021 నిబంధనలున్నాయి, రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లకు నిషేధమున్న చోట, కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. ఐదు వారాల్లో ఈ కాగితాల వెంట తిరిగేది మళ్లీ మీరే. వదిలేయండి. నది కావాలనిపిస్తే ఒక పొద్దున్న పద్మావతి ఘాట్‌కి ఇద్దరు వెళ్లి, మనుషులూ మాటలూ లేని ఒక్క షాట్ తీసుకురండి.

స్టేషన్‌కి మాత్రం మీ దగ్గర ఇంకా మంచి దారి ఉంది. వన్‌టౌన్‌లో ఇల్లంటే రైలు కూత వినపడుతుంది కదా. అమ్మమ్మ ఖాళీ మంచం మీద దుప్పటి సర్దుతుంటే దూరంగా కూత వినిపించిందనుకోండి, ఆవిడ చేయి ఒక్క క్షణం ఆగిందనుకోండి, ప్లాట్‌ఫామ్ చూపించాల్సిన పని లేదు. విజయవాడవాడు ఎవడైనా ఆ కూత వింటే పిల్ల వెళ్లిపోయిందని తెలుసుకుంటాడు. రాత్రిపూట డాబా ఎక్కి ఆ కూత ఒక్కటీ వేరుగా రికార్డు చేసుకోండి. షూటింగ్ రోజున కూత రావాలని ఎదురుచూడకండి. ఆవిడ చేయి ఆపాల్సిన చోట మీలో ఒకరు చిటికె వేస్తే చాలు, కూత ఎడిట్‌లో పెట్టుకోవచ్చు.

సౌండ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, మీ ఆదివారం పోయింది అక్కడే. ఫోన్‌కి ఉన్న మైకు ఆరడుగుల దూరంలో ఉంటే దానికి అమ్మమ్మ గొంతూ, ఫ్యానూ, వీధిలో ఆటో అన్నీ సమానమే. మైకు మనిషి దగ్గర ఉండాలి. వెయ్యి, పదిహేను వందల్లో వైరున్న కాలర్ మైకులు దొరుకుతాయి, రెండు కొనండి. ఒక్కోదాన్ని ఒక్కో ఫోన్‌కి తగిలించి, రికార్డర్ యాప్ ఆన్ చేసి, ఆ ఫోన్‌ని నటించేవాళ్ల దగ్గరే దాచండి. అమ్మమ్మగారికైతే బొడ్లో దోపుకుంటే కనపడదు. ఫోన్ తప్పనిసరిగా ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. గంజి పెట్టిన కొత్త నేత చీర కదిలినప్పుడల్లా మైకు మీద గరగరమంటుంది. పదిసార్లు ఉతికిన మెత్తటి చీర కట్టుకోమనండి. టేక్ మొదలవగానే కెమెరా ముందు ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టి సీన్ నంబరు, టేక్ నంబరు చెప్పాలి. కెమెరా ఫోన్‌లో కూడా ఆ చప్పుడు పడుతుంది కాబట్టి ఎడిట్‌లో రెండూ కలపడం తేలిక.

ఫ్రిజ్ ఆపండి. చెవికి అలవాటైపోయి దాని రొద మనకు వినపడదు, మైకు మాత్రం వదలదు. ఆపినవాళ్లు తమ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటికి వెళ్లేటప్పుడు తాళం కోసం ఫ్రిజ్ తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది. ఇల్లిచ్చినావిడ పాలు విరిగిపోకుండా చూసుకోవడం కూడా షూటింగులో భాగమే. ఫ్యాన్ ఆపడం ఈ చలికాలంలో ఇబ్బంది కాదు. చుట్టుపక్కల నాలుగిళ్లకు ముందురోజే వెళ్లి, ఫలానా టైములో షూటింగ్ ఉందని చెప్పి, మోటారు ఎప్పుడు వేస్తారో అడిగి రండి. ఇప్పుడు ధనుర్మాసం, తెల్లవారుజామున గుళ్లో మైకులు పెడతారు, ఎనిమిదింటికి మొదలుపెడితే ఆ బాధ తగ్గుతుంది. భవానీ దీక్షల విరమణ రోజులు ఎప్పుడో కనుక్కుని వాటికి మీ తేదీలు తగలకుండా చూసుకోండి. ఆ రోజుల్లో వన్‌టౌన్‌లోకి మీ బళ్లు రావడమే కష్టం.

ప్రతి గదిలోనూ అందరూ కదలకుండా నిలబడి ముప్పై సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేయండి. రెండు టేకులు అతికించిన చోట ఆ నిశ్శబ్దం పరిస్తే అతుకు తెలియదు. ఒక మనిషికి ఆ రెండు రోజులూ వేరే పని చెప్పొద్దు, ప్రతి టేక్ అయ్యాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇద్దరి రికార్డింగూ వినడమే పని. ఆ మనిషి “వినపడలేదు, మళ్లీ” అంటే డైరెక్టరైనా మళ్లీ తీయాల్సిందే. తర్వాత డబ్బింగ్ చెప్పిద్దాంలే అని ఎవరైనా అంటారు. ఎప్పుడూ నటించని పెద్దావిడ పెదాల కదలిక చూస్తూ తన మాట తాను మళ్లీ చెప్పలేరు. వంటింట్లో ఆవిడ నోట్లోంచి వచ్చిన మాటే మీ సినిమా.

అమ్మమ్మగారి గురించి. ఆవిడకు డైలాగులు బట్టీ పట్టించకండి. విషయం చెప్పి, చేతికి పని ఇవ్వండి. వాసెన కట్టడం ఆవిడకు మీరు నేర్పక్కర్లేదు, కెమెరా సంగతి మరచిపోయేది ఆ పనిలోనే. ఆవిడ దగ్గరి షాట్లన్నీ పొద్దున్నే, ఓపిక ఉన్నప్పుడే తీసేయండి. ఒక షాట్‌కి మూడు టేకులు దాటొద్దు. గంటకోసారి పది నిమిషాలు కూర్చోనివ్వండి. టిఫినూ, మాత్రలూ, మధ్యాహ్నం భోజనం ఏ టైముకి తీసుకుంటారో మీ షెడ్యూల్ కాగితంలో అందరికంటే పైన రాయండి. ఈ వీడియో ఫెస్ట్‌లో వేస్తారని, యూట్యూబ్‌లో కూడా పెడతారని, ఊరంతా చూడొచ్చని ఆవిడకు విడమరచి చెప్పి సరేననిపించుకోండి. పూర్తయ్యాక మొదట ఆవిడకే చూపించాలి. ఇల్లూ, ముఖమూ రెండూ ఇచ్చిన మనిషి కదా.

షాట్లు కథ వరుసలో తీయకండి, ఒక మూల నుంచి కనిపించేవన్నీ ఒకేసారి తీసేసి కెమెరా కదపండి. దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. ఒక షాట్‌లో జాడీ అంచుదాకా పచ్చడి, తర్వాతి షాట్‌లో రెండంగుళాలు తక్కువ, చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ప్రతి షాట్ అవగానే ఒక ఫొటో తీసుకోండి. జాడీ ఎంత నిండింది, చీర కొంగు ఏ భుజం మీద ఎలా ఉంది, సూట్‌కేసులో పైనున్న బట్ట ఏది, అన్నీ అందులో ఉండాలి.

డబ్బు విషయానికొస్తే మైకులు, థర్మోకోల్, ఆటో ఖర్చులు పోగా భోజనాల దగ్గర పిసినారితనం వద్దు. ఆకలి మీదున్న టీమ్ చిన్న మాటకే కస్సుమంటుంది. ఆ ఇంట్లో అన్నం వండుకోనిస్తారేమో అడిగి, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెప్పించుకుంటే పదిమందికి హాయిగా సరిపోతుంది. వంట చేసే పని మాత్రం ఆవిడ మీద పెట్టకండి. ఒక హార్డ్ డిస్కుకి కూడా డబ్బు తీసి పక్కన పెట్టండి. నేను చదువుకునే రోజుల్లో మా టీమ్ మూడు రోజుల కష్టం ఒక్క కార్డు మీద ఉండగా, ఖాళీదనుకుని ఎవరో దాన్ని ఫార్మాట్ చేశారు. ఆ సినిమా ఇక లేదు. ఆ రాత్రి మా ముఖాలు నాకింకా గుర్తున్నాయి. రెండు చోట్ల కాపీ అయ్యి, తెరిచి చూసుకునేదాకా ఫోన్‌లోంచి ఒక్క క్లిప్పు కూడా తీసేయకండి.

గొడవపడ్డ ఇద్దరి విషయంలో నా సలహా ఇది. సెట్‌లో డైరెక్టర్ ఒక్కరే. ఇద్దరు చెరోమాట చెబితే నటించేవాళ్లు బిగుసుకుపోతారు. రెండో అబ్బాయికి ఎడిటింగ్ ఇవ్వండి, ఇవ్వడమంటే నిజంగా ఇవ్వాలి. మొదటి కట్ పూర్తయ్యేదాకా డైరెక్టర్ ఆ గదిలోకి రాకూడదని ముందే మాట తీసుకోండి. తీసిన ఒకే సీన్‌ని రెండు రకాల సినిమాలుగా కూర్చొచ్చని అతనికి పదిరోజుల్లో తెలిసిపోతుంది. ఎవరి వాదన ఏమిటో తేలడానికి ఇంకో దారి కూడా ఉంది. షూటింగ్‌కి పదిరోజుల ముందు మీలో ఇద్దరు అమ్మమ్మగా, మనవరాలుగా నిలబడి ఆరు పేజీలూ హాస్టల్ గదిలోనే ఫోన్‌తో తీసేయండి, ఒక్క రాత్రిలో కూర్చి అందరూ కలిసి చూడండి. ఎక్కడ సాగుతోందో, ఏ మాట ఎక్కువైందో కళ్లకు కనిపిస్తుంది. దెబ్బలాడుకోవాల్సిందంతా అక్కడ దెబ్బలాడుకోండి.

ఇక మీ పేరు. తేదీలు కుదర్చడం, ఇల్లు సంపాదించడం, నటించేవాళ్లను ఒప్పించడం, అందరినీ టైముకి చేర్చడం, ఇదంతా సహకారం కాదమ్మా. సినిమాల్లో ఈ పనికి ప్రొడక్షన్ మేనేజర్ అని పేరుంది, జీతం ఉంది. సెట్‌లో వాచీ చూసుకుంటూ “ఈ షాట్‌కి ఇంక పది నిమిషాలే” అని డైరెక్టర్‌కి చెప్పే పని అసిస్టెంట్ డైరెక్టర్‌ది. మీరు ఈ రెండూ చేస్తున్నారు. ఈ వారమే ఏడుగురూ కూర్చుని ఒక కాగితం మీద ఎవరి పని ఏమిటి, టైటిల్స్‌లో ఏ పేరు కింద పడాలి అని రాసి సంతకాలు పెట్టండి. ఆ కాగితం రాయకుండా మీరు ఇంకొక్క ఫోన్ కూడా చేయకండి. గొడవపడమని కాదు, మీరు ఫోన్లు ఆపిన రెండు రోజుల్లోనే మీ పని ఎంతో వాళ్లకు అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా ‘సహకారం’ అనే అంటే, అప్పుడు టీమ్ వదిలేయండి. నేనైతే తప్పు పట్టను. కానీ అమ్మమ్మగారిని ఒప్పించింది మీరు, ఆవిడ మాటిచ్చింది మిమ్మల్ని చూసి. అందుకే ముందు ఒకసారి అడిగి చూడమంటున్నాను.

పాట గురించి ఒక మాట. అమ్మమ్మ రేడియోలో పాత సినిమా పాట వినిపించాలని మీకు కచ్చితంగా తోస్తుంది. పది సెకన్లలోపైతే పర్వాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి, కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఏదీ లేదు. రికార్డు మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు, సాహిత్యం మీద హక్కు రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. యూట్యూబ్ ఆ పాటను పట్టేస్తుంది, బయటి ఫెస్టివల్స్‌కి పంపితే హక్కుల కాగితం అడుగుతారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన జోలపాటో, మంగళహారతో గుర్తుందేమో అడగండి. పని చేసుకుంటూ గొంతులో పాడుకుంటే కాలర్ మైకుకి పడుతుంది.

ఈ ఆదివారం కెమెరా లేకుండా ఆ ఇంటికి వెళ్లి ఓ గంట కూర్చుని రండి. కిటికీ వెలుగు ఏ టైముకి ఎక్కడిదాకా వస్తుందో, మోటారు ఎప్పుడు మోగుతుందో రాసుకోండి. వాసెన కట్టడానికి ఒకే కొలతలో నాలుగు గుడ్డలు కత్తిరించి పెట్టుకోండి, ప్రతి టేక్‌కీ మడత పడని గుడ్డ కావాలి. తెల్లటి గుడ్డ మాత్రం ఫోన్ కెమెరాలో తెల్లగా మెరిసిపోయి నేత కనపడకుండా పోతుంది. ముందురోజు రాత్రి పలచటి టీ డికాషన్‌లో ముంచి ఆరేయండి.